కయాకర్ చేతికి ఒంటి తెడ్డు: మూడు రకాలు, ఒక సగం తెడ్డు

కయాక్‌లో, అంటే కాళ్లు చాపుకుని కూర్చుని రెండు కొసల తెడ్డుతో నడిపే సన్నటి పడవలో, కొన్ని నెలలు తిరిగినవాళ్లలో చాలామందికి ఒకే జబ్బు. పడవ ముక్కు ఎడమకి జరిగితే ఎడమవైపు ఒకటి గట్టిగా వేస్తారు, కుడికి జరిగితే కుడివైపు. పడవ మెలికలు తిరుగుతూనే అవతలి ఒడ్డు చేరుతుంది కాబట్టి తప్పు ఎక్కడుందో ఎవరికీ పట్టదు. రెండు కొసల తెడ్డుతో వచ్చే సుఖం అది. ఒక స్ట్రోక్‌లో చేసిన తప్పుని తర్వాతి స్ట్రోక్ సర్దేస్తుంది. కనూ అంటే సీటు మీదో మోకాళ్ల మీదో కూర్చుని నడిపే పడవ, దాని తెడ్డుకి ఒకటే బ్లేడు (నీళ్లని లాగే వెడల్పు రెక్క). ఒకే పక్క వేసుకుంటూ తిన్నగా పోవాలంటే ఏ స్ట్రోక్ తప్పు ఆ స్ట్రోకే దిద్దుకోవాలి. దాచుకోడానికి చోటు లేదు.

కయాక్ ఉన్నవాళ్లు ఇంకో వెయ్యి రూపాయల క్లాసుకి పోయేముందు ఒంటి తెడ్డు కొనుక్కుంటే లాభమేమిటి, ఏది కొంటే డబ్బు దండగ కాదు అన్నదే ఈ రివ్యూ. దూరప్రయాణాలకి ఏ తెడ్డు బాగుంటుందన్నది వేరే లెక్క. అక్కడ మార్కులు మారిపోతాయి.

ఒంటి బ్లేడు విద్య కయాక్‌కి పనికొస్తుందా అని అనుమానపడేవాళ్లకి ఒక పాత సంగతి. కయాక్ స్లాలంలో (ఉరవడి నీళ్లలో వేలాడే గేట్ల మధ్య నుంచి పోయే పోటీ) మలుపు తిప్పడమంటే ఒకప్పుడు వెడల్పుగా స్వీప్ వేయడం, అంటే తెడ్డుని పడవకి దూరంగా విల్లులా తిప్పడం, లేదా వెనక్కి తెడ్డేసి బ్రేకు కొట్టడం. 1953లో ఇటలీలోని మెరానోలో జరిగిన ప్రపంచ పోటీల్లో చెకొస్లొవేకియా నుంచి వచ్చిన మిలో డుఫెక్ ముక్కు పక్కన తెడ్డుని నిలువుగా నాటి, దానికి వేలాడినట్టు పట్టుకుని పడవని దాని చుట్టూ తిప్పాడు. ఆయన అంతకుముందు కనూ నడిపినవాడు. కనూవాళ్లు రోజూ వేసే బో డ్రానే (ముక్కు దగ్గర నీళ్లని పడవవైపు లాగే స్ట్రోక్) కయాక్‌లోకి తెచ్చాడు. ఇవాళ ప్రతి కయాక్ కోచ్ నేర్పే డుఫెక్ స్ట్రోక్ అదే. ఇక ఈ కాలం సంగతంటారా, ఆస్ట్రేలియా క్రీడాకారిణి జెస్సికా ఫాక్స్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కయాక్ స్లాలం, కనూ స్లాలం రెండింట్లోనూ స్వర్ణం గెలిచింది. ఒకదాంట్లో కూర్చుని రెండు బ్లేడ్లతో, ఇంకోదాంట్లో మోకాళ్ల మీద ఒకే బ్లేడుతో.

అలాగని కనూ విద్యంతా కయాక్‌లోకి రాదు. ఏది వస్తుంది, ఏది రాదు అన్నది తెలియకుండా తెడ్డు ఎంచుకుంటే తప్పు తెడ్డు కొంటారు. కాబట్టి ముందు అది.

కుడివైపు ముందుకి స్ట్రోక్ వేస్తే ముక్కు ఎడమకి పోతుంది. దాన్ని స్ట్రోక్ చివర్లో దిద్దడానికి కనూలో రెండు పద్ధతులున్నాయి. ఒకటి జె-స్ట్రోక్: బ్లేడు తుంటి దాటుతుండగా పై చేతి బొటనవేలు కిందికి తిరుగుతుంది, నీళ్లని లాగిన ముఖమే బయటికి తిరిగి నీళ్లని పక్కకి నెడుతుంది. రెండోదాన్ని గూన్ స్ట్రోక్ అంటారు, రివర్ జె అని కూడా. ఇందులో బొటనవేలు పైకి తిరుగుతుంది, బ్లేడు వీపు ముఖం నీళ్లని బయటికి తోస్తుంది. జె అందంగా ఉంటుంది, వేగం పెద్దగా పోదు. గూన్ మొరటు, బ్రేకు పడుతుంది, కానీ బలం ఎక్కువ. కనూ క్లబ్బుల్లో గూన్ అంటే చిన్నచూపు. కయాకర్‌కి మాత్రం ముందు నేర్చుకోవాల్సింది గూనే. ఎందుకంటే కయాక్‌లో అల వీపున వస్తున్నప్పుడు తోక దగ్గర తెడ్డు పెట్టి దిశ దిద్దే స్టర్న్ రడ్డర్ అచ్చంగా ఇదే: వీపు ముఖం, నిలువు బ్లేడు, బయటికి తోపు. జె అలవాటు రెండు బ్లేడ్ల తెడ్డు మీద నేరుగా పనికిరాదు. కానీ జె వల్ల ఇంకో మేలుంది. నీళ్లలో బ్లేడు ఏ కోణంలో ఉందో కళ్లతో చూడకుండా చేత్తో తెలుసుకోవడం నేర్పుతుంది. ఈ ఒక్క గుణం కోసమే తెడ్డు కొనొచ్చు.

దీన్ని ఇంకా బాగా నేర్పేది పామ్ రోల్. స్ట్రోక్ అయ్యాక బ్లేడుని పైకి తీయకుండా నీళ్లలోనే అంచు ముందుకి పెట్టి, కత్తితో కోసినట్టు ముందుకి తెస్తారు. ఆ తెచ్చేటప్పుడు పిడి అరచేతిలో అర చుట్టు తిరుగుతుంది. అంటే ఒక స్ట్రోక్‌కి లాగిన ముఖం తర్వాతి స్ట్రోక్‌కి వీపు అవుతుంది. కోణం నాలుగైదు డిగ్రీలు తప్పినా బ్లేడు ఊగుతుంది, లేదా పడవ కిందికి దూరుతుంది. తప్పు చేసిన క్షణంలోనే చెప్పేస్తుంది. కయాక్‌లో స్కల్లింగ్ డ్రా (బ్లేడుని నీళ్లలోంచి తీయకుండా అటూ ఇటూ ఆడిస్తూ పడవని పక్కకి లాక్కోవడం) వేస్తే గడగడమని చప్పుడు చేస్తూ తెడ్డు పట్టు తప్పేవాళ్లు పది నిమిషాలు పామ్ రోల్ చేసి మళ్లీ కయాక్ తెడ్డు పట్టుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది.

కృష్ణలో, తుంగభద్రలో పుట్టి నడిపేవాళ్లని ఎప్పుడైనా దగ్గరగా చూడండి. గుండ్రటి పుట్టికి ముక్కూ తోకా లేవు. మామూలుగా పక్కన తెడ్డేస్తే ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. అందుకని మనిషి ముందు అంచు దగ్గర కూర్చుని, తెడ్డుని అటూ ఇటూ ఎనిమిది అంకెలా ఆడిస్తూ నీళ్లని తనవైపు లాక్కుంటాడు. స్కల్లింగ్ డ్రా అంటే అదే, పక్కన కాకుండా ముందు అంచున వేస్తాడు, అంతే. ఇంగ్లీషు వీడియోలు చూసి బుర్ర వేడెక్కించుకునే బదులు అక్కడ పావుగంట నిలబడితే మణికట్టు ఎంత తిరగాలో అర్థమవుతుంది.

ఇప్పుడు తెడ్ల దగ్గరికి వద్దాం.

మొదటిది, తిన్న కర్ర ఉన్న చెక్క తెడ్డు. బీవర్‌టెయిల్, ఆటర్‌టెయిల్ అని రెండు ఆకారాలు. బీవర్‌టెయిల్ బ్లేడు కింద కొంచెం వెడల్పు, ఆటర్‌టెయిల్ సన్నగా పొడుగ్గా ఉండి పైభాగంలో వెడల్పు. రెండూ లోతు నీళ్లకి పుట్టినవే. కెనడాలో గ్రే ఔల్, అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఒసియోలాలో బెండింగ్ బ్రాంచెస్ లాంటి కంపెనీలు చేస్తాయి. మామూలు బరువు 550 నుంచి 700 గ్రాములు. పామ్ రోల్, జె, స్కల్లింగ్ అన్నింటికీ ఇదే సరైనది, ఎందుకంటే బ్లేడు రెండు ముఖాలూ ఒకటే. సన్న బ్లేడు కాబట్టి నీళ్లని ఒక్కసారిగా పట్టేసుకోదు, మెల్లగా పట్టి మెల్లగా వదులుతుంది. నేర్చుకునే భుజానికి అది మంచిది.

కొనేటప్పుడు చూడాల్సింది పిడి. పేరు పామ్ గ్రిప్ అని ఉన్నంత మాత్రాన సరిపోదు. కొన్నిటికి ఒక పక్క ఉబ్బుగా, ఇంకో పక్క చదునుగా ఉంటుంది. ఒకే ముఖంతో లాగేవాళ్లకి అది చేతిలో బాగా కూర్చుంటుంది, కానీ తిప్పగానే చదును పక్క అరచేతికొచ్చి వేళ్ల మొదట్లో గుచ్చుకుంటుంది. రెండు పక్కలా ఒకేలా గుండ్రంగా ఉన్న పియర్ గ్రిప్ కావాలి. కొట్లో తెడ్డుని నిలబెట్టి, కళ్లు మూసుకుని పిడిని అరచేతిలో రెండు మూడుసార్లు తిప్పండి. ఏ ముఖం ముందుందో చేతికి తెలిసిపోతే ఆ పిడి పక్కన పెట్టేయండి. కర్ర కోడిగుడ్డు కోతలా ఉండాలి, పూర్తి గుండ్రమైతే కింది చేతికి కోణం తెలియదు. పిడికి తెలియకూడదు, కర్రకి తెలియాలి. వింతగా ఉన్నా అంతే.

చెక్క తెడ్డు బలహీనత కొన. రాయి తగిలితే చివర పీచులేస్తుంది, అక్కడ వార్నిష్ లేచిపోతే నీరు దిగి నల్లటి మరక పాకుతుంది. బెండింగ్ బ్రాంచెస్‌వాళ్లు కొన చుట్టూ రాక్‌గార్డ్ అని రెసిన్ అంచు పోస్తారు. రాళ్లున్న నదుల్లో అది అక్కరకొస్తుంది, చెరువులో తిరిగేవాళ్లకి లేకపోయినా పర్వాలేదు. మార్కులు ఐదుకి నాలుగున్నర. ఆ అర మార్కు మన ఎండకి తగ్గించింది. మే నెలలో కారులో పెట్టి తలుపులేస్తే వార్నిష్ బుడగలొస్తాయి, గోడకి వాల్చి నెలల తరబడి వదిలేస్తే కర్ర వంగుతుంది. తలకిందులుగా వేలాడదీయాలి.

రెండోది బెంట్ షాఫ్ట్. కర్రకీ బ్లేడుకీ మధ్య వంపు ఉంటుంది, పందేల తెడ్లలో సాధారణంగా 12 డిగ్రీల దరిదాపుల్లో. 1970ల మొదట్లో మిన్నెసోటాకి చెందిన పడవల డిజైనర్ జీన్ జెన్సన్ దీన్ని జనంలోకి తెచ్చాడు. స్ట్రోక్ చివర్లో తిన్న తెడ్డు బ్లేడు వాలిపోయి నీళ్లని పైకి ఎత్తుతుంది. వంపు ఉంటే ఆ చివరి భాగంలో బ్లేడు నిలువుగానే ఉండి, ఎత్తే శ్రమంతా ముందుకి తోయడానికే పోతుంది. దిద్దుబాటు స్ట్రోకులు ఉండవు, ఆరేడు స్ట్రోకులకి ఒకసారి "హట్" అని అరిచి పక్క మారుస్తారు. కార్బన్‌వి 300 గ్రాముల దగ్గర ఉంటాయి. చేతిలో పట్టుకుంటే లేనట్టే.

వస్తువుగా చూస్తే మూడింట్లో గొప్పది ఇదే. కయాకర్‌కి పాఠం చెప్పడానికి మాత్రం చివరిది. పక్క మార్చి తిన్నగా పోవడమంటే మళ్లీ కయాక్ జబ్బే కదా. పామ్ రోల్ అసలు కుదరదు: పిడి తిప్పితే వంపు తిరగబడుతుంది. స్కల్లింగ్ వేస్తే ఒక దిశలో బాగా, ఇంకో దిశలో జారిపోతుంది. అయితే ఒక్క విషయంలో ఇది కయాక్ ఫార్వర్డ్ స్ట్రోక్‌కి దగ్గరి చుట్టం. స్ట్రోక్ పొట్టిగా ఉండాలని, తుంటి దగ్గర బ్లేడు తీసేయాలని పట్టుబడుతుంది. తుంటి దాటి లాగితే వంపు ఉన్నా నీళ్లు పైకి లేస్తాయి, పడవ తోక కుంగుతుంది. వేగం కోసం తపించే టూరింగ్ (దూరాలు పోయే) కయాకర్ దగ్గర తిన్న తెడ్డు ఇప్పటికే ఉంటే అప్పుడు ఆలోచించొచ్చు. మొదటి తెడ్డుగా ఐదుకి రెండు.

మూడోది అల్యూమినియం కర్ర, ప్లాస్టిక్ బ్లేడు, టి-గ్రిప్ (ఇంగ్లీషు టి ఆకారపు పిడి). అద్దె పడవల దగ్గర దొరికేది, అన్నిటికన్నా చవకది. బరువు 800 గ్రాములకి అటూ ఇటూ. రాయి మీద కొట్టినా ఏం కాదు, ఎండలో పడేసినా ఏం కాదు. టి-గ్రిప్ వేళ్ల మధ్య గట్టిగా ఇరుక్కుంటుంది కాబట్టి ఉరవడి నీళ్లలో బ్లేడు కోణం జారదు. గూన్, డుఫెక్, లో బ్రేస్ (పడవ వాలినప్పుడు బ్లేడుతో నీళ్లని నొక్కి నిలదొక్కుకోవడం) నేర్చుకోడానికి బ్రహ్మాండం. పామ్ రోల్‌కి టి అడ్డం వస్తుంది, కుదరదని కాదు, ముక్కుతూ మూలుగుతూ చేయాలి. అసలు చిక్కు బ్లేడుతో. చవక ప్లాస్టిక్ బ్లేడు మధ్యలో గట్టితనం కోసం పొడుగ్గా గట్లు పోస్తారు. అంచు ముందుకి పెట్టి కోస్తూ తెచ్చేటప్పుడు నీరు ఆ గట్లకి తగిలి వణుకుతుంది. కోణం తప్పిందనుకుని నేర్చుకునేవాళ్లు చేతిని దిద్దుకుంటారు, తప్పు చేతిది కాదు, తెడ్డుది. వేలితో తడిమి చూసి గట్లు తక్కువ ఎత్తులో ఉన్నది తీసుకోండి. చలికాలం పొద్దున్నే అల్యూమినియం చల్లగా కొరుకుతుంది, సైకిల్ హ్యాండిల్ టేపు చుట్టుకుంటే సరి. ఐదుకి మూడున్నర, ధర చూస్తే నాలుగు.

ధరలు అమెరికాలో చెక్కది సుమారు 100 డాలర్ల నుంచి, కార్బన్ బెంట్ షాఫ్ట్ 250 దాటి, ప్లాస్టిక్‌ది 30-40 డాలర్లలో.

పొడవు దగ్గర చాలామంది తప్పు కొంటారు. కనూ కొట్లలో చెప్పే లెక్క కనూ సీటుకి. ఆ సీటు నీటి మట్టానికి జానెడు దగ్గరగా పైన ఉంటుంది. కయాక్‌లో కూర్చుంటే పిర్రలు నీటి మట్టం దగ్గరో, ఇంకా కిందో ఉంటాయి. కనూ పొడవు తెడ్డుతో కయాక్‌లో కూర్చుంటే పై చేయి తలమీదికి పోతుంది. కుర్చీలో నిటారుగా కూర్చుని కుర్చీ నుంచి ముక్కు దాకా కొలవండి. అది కర్ర పొడవు. దానికి బ్లేడు పొడవు కలపండి. ముక్కు దాకా 72 సెంటీమీటర్లు, బ్లేడు 52 అనుకుంటే 124. కనూ సీటుకైతే ఇంకో 12-15 సెంటీమీటర్లు కలపాలి. బ్లేడుతో సహా మొత్తం పొడవు చూసి పోల్చుకోకండి: ఆటర్‌టెయిల్ బ్లేడు పొడుగు, వైట్‌వాటర్ బ్లేడు పొట్టి, మొత్తం ఒకటే అయినా కర్రలు వేరు.

వెడల్పు కూడా చూసుకోవాలి. దుర్గం చెరువు లాంటి చోట్ల అద్దెకిచ్చే సిట్-ఆన్-టాప్ (లోపల కాకుండా పైన కూర్చునే) కయాక్‌లు మామూలుగా 75 సెంటీమీటర్ల పైనే ఉంటాయి. కూర్చుని పక్కకి వంగితే తప్ప తెడ్డు నిలువుగా దిగదు, కింది చేతి కణుపులు అంచుకి గీసుకుంటాయి. వాటి మీద దళసరి ఫోమ్ ముక్క పరుచుకుని మోకాళ్ల మీద కూర్చోవడం మేలు. అప్పుడు పొడవు కూడా కనూ లెక్కకే దగ్గరవుతుంది. లైఫ్ జాకెట్ బిగించుకునే ఉండాలి, మొదటి గంటలో నీళ్లలో పడటం ఖాయం.

సాధన ఎలాగంటే, గాలి లేని పొద్దుట పూట అవతలి ఒడ్డున ఒక చెట్టో స్తంభమో గుర్తు పెట్టుకోండి. కయాక్‌కి స్కెగ్, రడ్డర్ (పడవని తిన్నగా ఉంచే తోక రెక్కలు) ఉంటే పైకెత్తేయాలి, లేకపోతే పాఠం అది నేర్చుకుంటుంది, మీరు కాదు. కుడివైపే 50 స్ట్రోకులు, ప్రతి స్ట్రోక్ చివర గూన్. తర్వాత గూన్ తగ్గించి పడవని వాల్చడంతో దిద్దండి. కుడివైపు వేస్తున్నప్పుడు ముక్కు ఎడమకి పోతుంది కదా, ఎడమ పిర్ర మీద బరువు పెట్టి కుడి మోకాలితో కుడి అంచుని పైకెత్తితే, ఎడమకి వాలిన టూరింగ్ కయాక్ కుడికి తిరగాలని చూస్తుంది. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. నడుము పైభాగం మాత్రం నిటారుగానే ఉండాలి. తెడ్డు లేని పక్కకి వాలుతున్నారు కాబట్టి ఆనుకోడానికి ఏమీ ఉండదు, అందుకే ఈ ముక్క ఛాతీలోతు నీళ్లలో చేయాలి. ఎడమవైపు కూడా 50. కుడిచేతి వాటం వాళ్లు ఎడమ పక్కని తప్పించుకోవాలని చూస్తారు, అక్కడే ఎక్కువ పని ఉంది. మొత్తం 20 నిమిషాలు చాలు. తర్వాత కయాక్ తెడ్డు తీసుకుని అదే చెట్టువైపు పోతూ స్వీప్ ఎన్నిసార్లు వేయాల్సి వచ్చిందో లెక్కపెట్టుకోండి.

దీనివల్ల అంటుకునే చెడ్డ అలవాట్లూ ఉన్నాయి. అన్నిటికన్నా ప్రమాదం పై చేయి. కనూలో పై చేయి నుదుటి ఎత్తున ఉండటం మామూలే. అదే చేతిని కయాక్‌లో హై బ్రేస్‌కి, అంటే పడిపోకుండా బ్లేడుని నీళ్ల మీద ఆనించడానికి, పైకెత్తితే, అల గుంజినప్పుడు భుజం కీలు జారుతుంది. మోచేతులు భుజాల కన్నా కిందే ఉండాలి, చేతులు ఎప్పుడూ ఛాతీ ముందు కనబడాలి. రెండోది తోక దాకా లాగడం. జె, గూన్ కోసం బ్లేడు తుంటి వెనక్కి పోతుంది, కయాక్‌లో అలా పోతే ప్రతి స్ట్రోకూ ముక్కుని పక్కకి తోస్తుంది. అందుకే ఒంటి తెడ్డు సాధన అయిన ప్రతిసారీ చివరి ఐదు నిమిషాలు కయాక్ తెడ్డుతో, బ్లేడుని తుంటి దగ్గర కచ్చితంగా తీసేస్తూ ముగించాలి. మూడోది ఒక పక్క అలవాటు. పందేలకి తయారయ్యే కనూవాళ్లు ఏళ్లపాటు ఒకే పక్క వేస్తారు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో కనూ డబుల్స్ 1000 మీటర్లలో మనకి కాంస్యం తెచ్చిన అర్జున్ సింగ్, సునీల్ సింగ్ సలాం ఆడిన విభాగంలో ఒకరు ఒక పక్క, ఇంకొకరు ఇంకో పక్క. వాళ్లకి అది వృత్తి. కయాకర్‌కి అలాంటి వాటం వచ్చిందంటే రోల్, అంటే తలకిందులైన పడవని తిప్పి లేపడం, ఒక పక్కే వస్తుంది.

మధ్యలో విడిపోయే రెండు ముక్కల కయాక్ తెడ్డు ఉంటే అందులో సగం సరిపోదా అని అడుగుతారు. కొంతవరకు సరిపోతుంది. గూన్, డ్రా, సగం తెడ్డుతో రోల్ అన్నీ చేయొచ్చు. సగం తెడ్డు రోల్ నడుము ఎంత పనిచేస్తోందో నిక్కచ్చిగా చెప్పేస్తుంది. జె, పామ్ రోల్ సరిగా కుదరవు, ఎందుకంటే కయాక్ బ్లేడు గరిటెలా వంపు తిరిగి, ఒక ముఖం మీద గట్టుతో ఉంటుంది. పైగా అతుకు దగ్గరి గొట్టం అంచు అరచేతిని కోస్తుంది. దానికి నల్లా సామాన్ల కొట్లో ఒక అంగుళం యూపీవీసీ టీ కొనుక్కోవచ్చు. లోపలి వ్యాసం 33 మిల్లీమీటర్ల పైచిలుకు ఉంటుంది, కయాక్ కర్ర సుమారు 30. మధ్య సందు నిండేదాకా ఎలక్ట్రికల్ టేపు పది పన్నెండు చుట్లు చుట్టి, టీని బిగువుగా దూర్చండి. జిగురు పెట్టకండి, మళ్లీ రెండు ముక్కలూ కలపాలిగా. టీ అడ్డం బ్లేడు వెడల్పుకి సమాంతరంగా ఉండేలా తిప్పుకోవాలి. నెల రోజులు దీంతో చేసి చూసి, కావాలనిపిస్తే చెక్కది కొనండి.

అమెరికా నుంచి ఎవరైనా తెస్తామంటే ఒక లెక్క చూసుకోండి. విమానాల్లో మామూలు చెకిన్ సామానుకి పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు దాటకూడదు. కనూ సీటుకి సరిపోయే 142 సెంటీమీటర్ల తెడ్డు ఆ గీత దాటిపోయి అదనపు రుసుము పడొచ్చు. కయాక్ లెక్కన కొన్న 124 తెడ్డు, 20 వెడల్పు, పిడి మందం 4 కలిపినా 148. అట్టపెట్టె కొలత కూడా అందులోకే వస్తుంది కాబట్టి పెట్టె వద్దు, బ్లేడుకి బబుల్ షీటు నాలుగు చుట్లు, కొనకి అట్టముక్క చాలు. ఇంటికి వచ్చాక మొదటి పని, పిడి మీద వార్నిష్‌ని 220 నంబరు సాండ్ పేపరుతో గీకేసి బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ పల్చగా పట్టించి, పావుగంట తర్వాత తుడిచేయడం. వార్నిష్ పిడితో పామ్ రోల్ చేస్తే అరగంటలో అరచేయి బొబ్బలెక్కుతుంది. నూనె తుడిచిన గుడ్డని ఉండలా చుట్టి పడేయకండి, వేడెక్కి దానంతటదే అంటుకుంటుంది. నీళ్లలో ముంచి, పరిచి ఆరబెట్టాకే పారేయాలి.